ఇరవై ఒక్క సెంటీమీటర్ల రోడ్డు

పనసగుమ్మికి రోడ్డొచ్చింది. పొడవు ఇరవై ఒక్క సెంటీమీటర్లు.

తప్పు చదివామేమోనని ఎవరూ వెనక్కి వెళ్లక్కర్లేదు. సెంటీమీటర్లే. ఆ రోడ్డు నల్లగా, మణికట్టంత లావున, చుట్టూ ఎర్ర స్ప్రింగుతో ఉంటుంది. కరెంటు కొండసైకిలు చట్రానికీ వెనక చక్రానికీ నడుమ, రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని వెనక షాకబ్సర్ అంటారు. గిరిసీమ కుదుపు నివారణ సంస్థ వారు మాత్రం దాన్ని పనసగుమ్మి రోడ్డు అంటారు. కాగితం మీద ఉన్నది వాళ్ల మాటే కాబట్టి అది రోడ్డే.

ఉసిరిపాడు నుంచి పనసగుమ్మికి కొండెక్కే బాట ఐదు కిలోమీటర్లు. బాట అని మర్యాదకి అనడమే. మేకలు ముందు నడిచాయి, వాటి వెనక మనుషులు నడిచారు, అంతే. గెడ్డలనే కొండవాగులు రెండు దాటాలి, ఏనుగుబండ చుట్టూ పక్కకి పాకాలి. నలభై గడపల జనం ముప్పై ఏళ్లపాటు అర్జీలు పెట్టారు. అర్జీలు మోసిన కాళ్లు అరిగాయి తప్ప కొండ అరగలేదు.

అప్పుడు సంస్థకి కొత్త ఎండీ వచ్చాడు. ఎక్కడో చల్లటి దేశంలో వారం రోజుల శిక్షణకి వెళ్లి, అక్కడ ఇలాంటి సైకిలెక్కి కొండ దిగాడట. నడుం కదల్లేదట. వస్తూనే మీటింగు పెట్టాడు.

"రోడ్డనగా ఏమి?" అని అడిగాడు.

అందరూ రాసుకోవడానికి కలాలు తీశారు. పైవాడు అడిగే ప్రశ్నకి జవాబు పైవాడి దగ్గరే ఉంటుందని తెలియనివాడు ఆ గదిదాకా రాడు.

"తారా? కాదు. కంకరా? కాదు. కుదుపు లేకపోవుటయే రోడ్డు. కనుక కుదుపును ఏది హరించునో అదియే రోడ్డు."

గదంతా చప్పట్లు. ఆ సాయంత్రానికల్లా కొండ మీది ఊళ్లకి మంజూరైన రోడ్లన్నీ షాకబ్సర్లుగా మారిపోయాయి. ఊరికొక సైకిలు. సైకిలుకొక రోడ్డు. పనసగుమ్మి సైకిలు నర్సు గెమ్మెలి చిన్నాలమ్మకి ఇచ్చారు. వారానికి మూడుసార్లు టీకాల పెట్టె వీపున కట్టుకుని ఆ కొండెక్కేది ఆమే.

చిన్నాలమ్మకి సైకిలు మీద కోపం లేదు. బండి మంచిది. ఎగువన మోటారు తోసేది, దిగువన షాకబ్సర్ కాచేది. ఆమెకి అర్థం కానిది మిగతాదే. ఆమె కొండెక్కితే పనసగుమ్మికి రోడ్డు ఉన్నట్టు. ఆమె దిగిపోతే రోడ్డు కూడా ఆమెతోపాటు దిగిపోయేది. ఆదివారం ఆమె ఉసిరిపాడులో తలంటు పోసుకుంటుంటే పనసగుమ్మి రోడ్డు పెరట్లో, గోడకి జారబడి ఉండేది.

రోడ్డు వచ్చిన నెలకే మరో ఉత్తర్వు వచ్చింది. రోడ్డున్న గ్రామములలో రోగులను డోలీ కట్టి మోయుట రోడ్డును అవమానించుటయే కనుక నిషేధం. మోసిన నలుగురి మీదా కేసు.

"మరి రోగిని ఎలాగ దింపుతాం సిస్టరమ్మా?" అని ఊరిపెద్ద కొర్రా సోమన్న అడిగాడు.

"అంబులెన్సుకి ఫోను చెయ్యమన్నారు మావా."

చేశారు. ఎన్ని కిలోమీటర్ల రోడ్డు అని డ్రైవరు అడిగాడు. సోమన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. డ్రైవరు ఫోను పెట్టేశాడు.

*

వానలు మొదలైన వారానికి రోడ్డు పాడైంది.

రెండో గెడ్డ దాటి ఎగువన వస్తుంటే వెనకచక్రం రాయి మీద పడి, చిన్నాలమ్మ నడుం దగ్గర రోకలితో పొడిచినట్టయింది. దిగి చూసింది. స్ప్రింగు కుంగిపోయి ఉంది. నల్లటి నూనె కారి చక్రం మీద పడుతోంది. నొక్కితే లోపలికెళ్లింది గానీ తిరిగి లేవలేదు.

మిగతా కొండ సైకిలుని తోసుకుంటూ ఎక్కింది. ఎక్కక తప్పదు. సోమన్న కోడలు రుక్కికి ఎనిమిదో నెల. కాళ్లు పొంగాయి, బీపీ నూటయాభై చూపిస్తోంది. ఈ కాన్పు కొండ మీద జరిగితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పోయినేడు రుక్కి మొదటి బిడ్డ డోలీలోనే, రెండో గెడ్డ దగ్గర పోయింది. ఆ డోలీ పక్కన నడిచింది చిన్నాలమ్మే. గుడ్డలో చుట్టింది కూడా ఆమే.

"ఈసారి ఆసుపత్రిలోనే కంటావు" అంది రుక్కి చెయ్యి పట్టుకుని.

"ఎలాగెల్తాను సిస్టరమ్మా? డోలీ కడితే కేసంట కదా?"

"వారం ముందే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నిదానంగా దింపుతాను. నాకొదిలెయ్."

మాటైతే ఇచ్చింది గానీ, ఆ సైకిలు మీద ఆ దారిన తనే దిగలేకపోయింది.

ఉసిరిపాడు సెంటర్లో మెకానిక్ కరీముల్లా కొట్టు ఉంది. అతను సైకిలుని తలకిందులు చేసి, చక్రం తిప్పి, వేలికంటిన నూనె వాసన చూశాడు.

"పోయిందక్కా. లోపల సీలు చిరిగింది. ఇది బాగుచేసేది కాదు, మార్చేదే."

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు బోల్టులు. పైదొకటి, కిందిదొకటి. పది నిమిషాలు. మీరు టీ తాగి వచ్చేలోగా అయిపోద్ది. కాకపోతే కొత్తది కావాలి, అది ఆ సంస్థ గోడౌన్లోనే ఉంటది."

పది నిమిషాలే కదా అనుకుని చిన్నాలమ్మ సంస్థ ఆఫీసుకి వెళ్లింది. టీ తాగి మరీ వెళ్లింది. ఆ టీ తప్ప ఆ రోజు ఆమెకి దక్కిందేమీ లేదు.

*

ఏఈ పరబ్రహ్మం గారు ముప్పై ఏళ్లు రోడ్ల శాఖలో పనిచేసి ఈ సంస్థకి వచ్చిన మనిషి. అసలు రోడ్లు వేసిన చెయ్యి. అందుకే ఈ రోడ్డు దగ్గర కూడా పద్ధతి తప్పడు.

"సార్, షాకబ్సర్ పోయింది. కొత్తదిస్తే మార్చుకుంటాను."

పరబ్రహ్మం కళ్లజోడు తీశాడు. "ఏది పోయింది?"

"షాకబ్సర్ సార్."

"అటువంటి వస్తువు మా రికార్డులో లేదమ్మా. పనసగుమ్మి రోడ్డు దెబ్బతిన్నది అనండి."

"సరే. రోడ్డు దెబ్బతింది. కొత్త రోడ్డిస్తే బిగించుకుంటాను. రెండు బోల్టులు."

"రోడ్డును బిగించుట ఏమిటి? వేయవలెను. వేయుటకు ముందు పాత రోడ్డును పరిశీలించవలెను. నష్టము వర్షము వలననా, వాహనభారము వలననా తేల్చవలెను. మీ బరువెంత?"

"యాభై రెండు."

"టీకాల పెట్టె?"

"ఎనిమిది."

"అరవై. భారీ వాహనము" అని రాసుకున్నాడు.

మర్నాడు పరిశీలన. పరబ్రహ్మం ఇద్దరు కొలతగాళ్లని వెంటబెట్టుకుని కరీముల్లా కొట్టుకి వచ్చాడు. ముప్పై మీటర్ల టేపు తెచ్చారు. ఒకడు షాకబ్సర్ ఈ చివర, ఇంకొకడు ఆ చివర కూర్చున్నారు. వాళ్ల మోకాళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

"సున్నా దగ్గర ఎవరు?" అని అరిచాడు పరబ్రహ్మం.

"నేనే సార్" అన్నాడు మొదటివాడు, రెండోవాడి చెవిలో.

"అటు చివర?"

"ఇరవై ఒకటి సార్!"

"నూనె కారుచున్నదా?"

"కారుతోంది సార్."

"డ్రైనేజీ లోపము" అని రాయించాడు.

కరీముల్లా స్పానరు చేతబట్టుకుని పక్కనే నిలబడ్డాడు. "సార్, పది నిమిషాల పని. కొత్తది నా చేతిలో పెట్టండి, టేపు చుట్టేలోగా మార్చేస్తా."

"నీవు కాంట్రాక్టరువా?"

"మెకానిక్కుని సార్."

"మెకానిక్కులు రోడ్లు వేస్తే దేశమేమగును?" అన్నాడు పరబ్రహ్మం. దేశం సంగతి అడిగాక కరీముల్లా స్పానరు కింద పెట్టేశాడు.

ఆ సాయంత్రమే కొండ మొదట్లో బాటకి అడ్డంగా రెండు వెదురు గడలు పాతి బోర్డు కట్టారు. 'రోడ్డు పనులు జరుగుచున్నవి. ప్రవేశము లేదు. అసౌకర్యమునకు చింతించుచున్నాము.' ఎవరూ దూరకుండా విజిలు మెడలో వేసుకున్న కాపలాదారుణ్ని కూడా పెట్టారు. రోడ్డేమో సెంటర్లో, కరీముల్లా కొట్టులో, సైకిలుతో సహా కొక్కేనికి వేలాడుతోంది. బోర్డు కొండ దగ్గర.

గురువారం సంతకి పసుపూ రాజ్మా గంపలు నెత్తినెత్తుకుని దిగిన సోమన్నా, అతని వెనక పదిమందీ ఆ బోర్డు దగ్గర ఆగారు.

"రోడ్డు పని జరుగుతోంది. ఎనక్కెళ్లండి" అన్నాడు కాపలావాడు.

సోమన్న అటూ ఇటూ చూశాడు. "ఏదీ పని?"

"అదంతా నాకు తెల్దు. రోడ్డు మీద నడవకూడదు."

"నాను రోడ్డు మీద నడుస్తన్నానా? రాళ్ల మీద నడుస్తన్నాను. నీ రోడ్డు షాపులో ఏలాడతంది, దాని మీద ఎక్కితే అప్పుడు పట్టుకో."

"పెద్దోడివని ఊరుకుంటన్నాను."

"ఊరుకోకు బాబూ. నువ్వూ ఓపాలి పైకొచ్చి మీ రోడ్డెక్కడుందో సూపించు. మా మనవలకి సూపించుకుంటాం, రోడ్డంటే ఇదిరా అని."

గంపలతో పొదల్లోంచి దూరి దిగారు. కాపలావాడు విజిలేశాడు. అంతకుమించి వాడికి అధికారం లేదు, ఆపే మనసూ లేదు. వాడిదీ ఇలాంటి కొండే.

*

రెండు వారాలు గడిచాయి. రుక్కి బీపీ నూట అరవై. చిన్నాలమ్మ నడిచే ఎక్కుతోంది, పొదల్లోంచి.

మూడోవారం కొత్త రోడ్డు వచ్చింది. మూలమూలలా పసుపు రాసిన పెట్టెలో, తెల్ల దూది మీద పెట్టి తెచ్చారు. శంకుస్థాపన చేశారు. కొబ్బరికాయ సైకిలు సీటు మీద కొట్టబోతే కరీముల్లా అడ్డం పడి రాయి చూపించాడు. ఫోటోలు తీశారు. అప్పుడు కరీముల్లా దాన్ని చట్రంలోని పాతదాని పక్కన ఆనించి చూసి, బోల్టులకి సరిపోక, కింద పెట్టేశాడు.

"ఇది ఇరవై మూడుంది సార్. ఎక్కదు."

పరబ్రహ్మం ముఖం వెలిగింది. "తెలుసును. పై అధికారులు పనసగుమ్మి ప్రజల చిరకాల వాంఛను గౌరవించి, ఈ అవకాశమున రోడ్డును రెండు సెంటీమీటర్లు విస్తరించినారు."

"ఎక్కదు సార్" అన్నాడు కరీముల్లా మళ్లీ. "చట్రంలో చోటు లేదు."

"చోటు లేనిచో భూసేకరణ చేసెదము."

"భూమేదీ సార్?" అంది చిన్నాలమ్మ.

"ఈ చట్రమే. ఇది మీ ఆరోగ్యశాఖది. రెండు సెంటీమీటర్లు అప్పగించుటకు మీ శాఖకు లేఖ రాసితిని. ప్రజాభిప్రాయ సేకరణ జరుగును. అభ్యంతరములున్నవారు ముప్పై దినములలో తెలుపవచ్చును."

"సార్, ఆమెకి ఇరవై రోజుల్లో కాన్పు."

"ఎవరికి?"

"రుక్కికి. మూడు వారాలుగా ఆమె పేరే చెబుతున్నాను కదా సార్!"

పరబ్రహ్మం చెడ్డవాడు కాదు. జాలిగా చూశాడు. "ఆమె అభ్యంతరమును కూడ నమోదు చేయించండి" అన్నాడు.

చిన్నాలమ్మ ఆ రోజు అతని వెంటే ఆఫీసుకి వెళ్లి, అక్కడే కూర్చుండిపోయింది. వెళ్లడానికి దారి లేదు, ఉండి చేసేదీ లేదు. ఎదుట బల్ల మీద సంస్థవారి నిబంధనావళి ఉంది, దిండంత లావున. పాత రోడ్ల శాఖ పుస్తకాన్ని, పేరు మాత్రం మార్చి, అలాగే అచ్చేసుకున్నారు. తిట్టుకుంటూ తిరగేసింది. నూటపద్నాలుగో పేజీ దగ్గర తిట్టు ఆగింది.

లేచి ఆ పుస్తకం పరబ్రహ్మం ముందు పెట్టింది.

"సార్, ఇక్కడేముందో చదవండి. నాకు గ్రాంథికం సరిగ్గా రాదు."

అతను గొంతు సవరించుకుని చదివాడు. "రోడ్డు మరమ్మతులో ఉన్న కాలమందు ప్రయాణికుల సౌకర్యార్థము తాత్కాలిక మళ్లింపు దారి విధిగా ఏర్పాటు చేయవలెను. మరమ్మతు పూర్తియగు వరకు దానిని మూయరాదు."

"చేశారా సార్?"

పరబ్రహ్మం ఆ వాక్యాన్ని మళ్లీ చదివాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో మళ్లింపు దారి లేకుండా పని మొదలుపెట్టలేదు అతను. నిబంధన తప్పాడు. ఆ సంగతి ఇంకెవరికైనా తెలిస్తే?

"మా సంస్థకు కూలీలు లేరమ్మా."

"మేం చేసుకుంటాం. మీరు అనుమతి రాయండి చాలు."

అతను ఆలోచించాడు. ఇరవై ఒక్క సెంటీమీటర్ల రోడ్డుకి మళ్లింపు దారంటే ఏపాటిది? ఇంకో ఇరవై ఒక్క సెంటీమీటర్లు. జానెడు. ఎక్కడ తవ్వుకుంటే ఏం? సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేసి ఇచ్చాడు.

*

పనసగుమ్మిలో పనంటే ఇంటికొక మనిషి. ఇల్లు కట్టినా, గెడ్డకి కట్ట వేసినా అంతే. ఎవరి గునపం వాళ్లది, అంబలి మాత్రం అందరికీ ఒకే కుండలో. నలభై గడపల నుంచి నలభై మంది దిగారు. ముసలివాళ్లున్న ఇళ్లలోంచి ఆడవాళ్లొచ్చారు.

"ముప్పై ఏళ్లనించి మనం ఎందుకు తవ్వలేదురా?" అని ఎవరో అడిగారు.

"తవ్వినోళ్లని అడవిశాఖోళ్లు ఒదిలేరా? మీ అయ్యని అడుగు, మూడు నెల్లు జైల్లో ఉన్నాడు" అన్నాడు సోమన్న. "ఇప్పుడు కాయితం ఉంది. ముద్దరేసిన కాయితం. ముద్దరుంటే కొండైనా ఒంగుతాది."

అడవిశాఖ గార్డు రానే వచ్చాడు. సోమన్న కాగితం చూపించాడు. గార్డు ముద్రని వేలితో తడిమి చూసి, సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు. మూడు నెలల జైలుకీ ఒక సెల్యూట్‌కీ మధ్య తేడా ఆ గుండ్రటి సిరా మరకంత.

పొదలు కొట్టారు. గుంటల్లో రాళ్లు కూర్చారు. రెండు గెడ్డల మీదా దుంగలు పరిచి మట్టి కప్పారు. ఏనుగుబండ ఒక్కటి మొండికేసింది. వాన తెరిపిచ్చిన రోజు చూసి, దాని చుట్టూ ఎండు దుంగలు పేర్చి పగలంతా మంట పెట్టి, బండ ఎర్రగా కాలాక బిందెలకొద్దీ గెడ్డనీళ్లు కుమ్మరించారు. తుపాకీ పేలినట్టు పేలి బండ నిలువునా చీలింది. చీలిన ముక్కలే మలుపు దగ్గర గోడకి పనికొచ్చాయి.

రుక్కి గుమ్మంలో కూర్చుని రోజూ ఆ చప్పుడు వినేది. రోజురోజుకీ అది దూరంగా, దిగువకి జరుగుతుంటే లెక్కపెట్టుకునేది. "మావా, మొదటి గెడ్డ దాటేరా?" అని అడిగేది. "దాన్ని ఆగమను, బిడ్డని. ఇంకో నాల్రోజులు ఆగమను" అనేవాడు సోమన్న.

పద్దెనిమిదో రోజుకి దారి బోర్డు దగ్గరికి వచ్చి తేలింది. కాపలావాడు విజిలు మెడలోంచి తీసి జేబులో వేసుకుని, ఆ చివరి వెదురు గడ తనే పీకాడు.

*

పందొమ్మిదో రోజు ఉదయం, పనసగుమ్మి పుట్టాక మొదటిసారి, ఊళ్లోకి జీపు వచ్చింది. కోళ్లు చెట్లెక్కాయి. జీపులోంచి పరబ్రహ్మం దిగాడు. చేతిలో నోటీసు.

"ఈ దారి అక్రమము!" అన్నాడు జీపు బానెట్ మీద చెయ్యి వేసి. "మళ్లింపు దారి అసలు దారి పొడవును మించరాదు. అనుమతి ఇరవై ఒక్క సెంటీమీటర్లకు. మీరు ఐదు కిలోమీటర్లు తవ్వినారు. నేటి నుండి ఇది మూసివేయబడినది. అసలు, సాంకేతికముగా, ఈ దారి లేదు."

"నేదా?" అన్నాడు సోమన్న.

"లేదు."

"మరి తమరెలాగొచ్చేరు?"

పరబ్రహ్మం నోటీసు తిరగేసి చూశాడు. అప్పుడే ఇంట్లోంచి చిన్నాలమ్మ బయటికి వచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, బీపీ పట్టీ మెడలోనే వేలాడుతూ.

"సార్, జీపు తిప్పండి. రుక్కికి నొప్పులొచ్చాయి. కళ్లు మసకంటోంది. గంటలో ఆసుపత్రిలో ఉండాలి."

"అమ్మా, ఇది ప్రభుత్వ వాహనము. లేని దారిలో..."

"ఎలాగూ దిగాలి కదా మీరు? ఇక్కడే కాపురం పెడతారా?"

నలుగురు మగాళ్లు రుక్కిని మంచంతో సహా ఎత్తుకొచ్చారు. ఆ నలుగురి మీదా కేసు పెట్టవచ్చు. డోలీ కాదు కదా, మంచం కదా అని పరబ్రహ్మం ఒక్క క్షణం నిబంధన వెతుక్కున్నాడు. ఆ క్షణంలో రుక్కి అతని చెయ్యి పట్టుకుంది. నొప్పిలో ఉన్న ఆడమనిషి పట్టు అది, వేళ్లు నలిగిపోయాయి. "బాబూ, పోయినసారి గెడ్డ కాడ పోయినాది" అంది. అంతే అంది. అతను నోటీసు మడిచి జేబులో పెట్టుకుని, డ్రైవరు పక్కన ఎక్కాడు.

జీపు దిగింది. కుదిపింది, కుదపక ఏం చేస్తుంది? మలుపు దగ్గర పరబ్రహ్మం తల పైకప్పుకి తగిలింది.

"చూసితిరా కుదుపు! అందుకే ఇది రోడ్డు కాదని..."

"లేని దారిలో కుదుపు కూడా లేనట్టే సార్. ఓర్చుకోండి" అంది చిన్నాలమ్మ వెనక నుంచి, రుక్కి తల ఒళ్లో పెట్టుకుని.

రెండో గెడ్డ వచ్చింది. దుంగల మీద చక్రాలు దడదడలాడాయి. రుక్కి కళ్లు మూసుకుంది. చిన్నాలమ్మ మూసుకోలేదు. ఆ ఒడ్డున, పోయినేడు తను గుడ్డ చుట్టిన చోటు దగ్గరవడం చూసింది, వెనక్కి పోవడం చూసింది. అప్పుడు ఊపిరి వదిలింది.

నలభై నిమిషాల్లో ఆసుపత్రి. మధ్యాహ్నానికి ఆడపిల్ల. రెండున్నర కిలోలు. ఏడుపు గేటు దాకా వినిపించింది. తల్లికి సూదిమందు పడింది, బీపీ దిగింది.

గేటు దగ్గర జీపులో పరబ్రహ్మం లాగ్‌బుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. ప్రయాణించిన మార్గము అనే గడి దగ్గర కలం ఆగిపోయింది. ఐదు కిలోమీటర్ల మళ్లింపు దారి అని రాస్తే లేని దారిలో ప్రభుత్వ బండి నడిపినట్టు. అందుకు చార్జిషీటు. పనసగుమ్మి వెళ్లలేదంటే డీజిలు తాగినట్టు. అందుకూ చార్జిషీటు. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ముప్పై ఏళ్ల అనుభవంతో, చక్కటి చేతిరాతతో రాశాడు. 'మార్గము: పనసగుమ్మి మళ్లింపు దారి. పొడవు: ఇరవై ఒక్క సెంటీమీటర్లు. నిబంధనలకు లోబడి ఉన్నది. ప్రయాణ కాలము: నలభై నిమిషములు.'

పై అధికారులు ఆ కాలాన్నీ దూరాన్నీ చూసి, ప్రయాణము అతి నిదానముగా, సురక్షితముగా జరిగినదని మెచ్చుకుంటూ లేఖ పంపారు. నోటీసు రద్దయింది. ఇరవై ఒక్క సెంటీమీటర్లున్న దారి ఇరవై ఒక్క సెంటీమీటర్లు మించిందని ఎవరంటారు?

*

నెల తిరిగాక ఆరోగ్యశాఖ తన చట్రంలో రెండు సెంటీమీటర్లు వదులుకోవడానికి ఒప్పుకోలేదు. విస్తరణ రద్దు. సరైన కొలతతో కొత్త షాకబ్సర్ వచ్చింది. ఇరవై ఒకటి, నల్లగా, ఎర్ర స్ప్రింగుతో. పరబ్రహ్మం దాన్ని స్వయంగా తెచ్చి కరీముల్లా కొట్టులో, చిన్నాలమ్మ ఎదుటే సంతకం తీసుకుని అప్పగించాడు.

"ఈసారికి మెకానిక్కునే కాంట్రాక్టరుగా గుర్తించితిమి. బిగించిన వెంటనే నివేదిక పంపండి. మరమ్మతు పూర్తియైనట్లు నివేదిక అందిన దినముననే మళ్లింపు దారి మూసివేయబడును. గెడ్డల మీది దుంగలు తీసివేయుటకు ఉత్తర్వు సిద్ధముగా ఉన్నది."

అతను వెళ్లిపోయాడు. కొట్టు ముందు నుంచి షేర్ ఆటో ఒకటి పనసగుమ్మి జనాన్నెక్కించుకుని కొండ వైపు పోయింది. సంత రోజు. గంపలు ఆటో మీద.

చిన్నాలమ్మ, కరీముల్లా ఆ ఆటో వైపు చూశారు. తర్వాత షాకబ్సర్ వైపు.

"రెండు బోల్టులు కదూ?" అంది చిన్నాలమ్మ.

"రెండు బోల్టులేనక్కా."

"పది నిమిషాలన్నావు."

కరీముల్లా స్పానరు తీసుకున్నాడు. కింది బోల్టు విప్పాడు. పై బోల్టు మీద స్పానరు పెట్టి, కాసేపు అలాగే ఉంచి, తీసేశాడు.

"ఇది తుప్పు పట్టినట్టుందక్కా."

"కొత్త బండికా?"

"ఈ కొండ వానలు అలాంటివి. నిదానంగా చూడాలి. తొందరపడితే చట్రం పాడైపోద్ది. ప్రభుత్వ ఆస్తి."

"ఎన్నాళ్లు పడుతుందంటావు?"

"నా చేతిలో అయితే..." అని అతను గడ్డం గోక్కున్నాడు. "నా తర్వాత మావాడు కూడా ఈ పనే నేర్చుకుంటున్నాడు లెండి."

అది జరిగి రెండేళ్లు. నెలనెలా సంస్థ నుంచి ఉత్తరం వస్తుంది, పని ఏ దశలో ఉన్నదో తెలుపవలెనని. నెలనెలా చిన్నాలమ్మ జవాబు రాస్తుంది. గ్రాంథికం ఆమెకిప్పుడు బాగానే వచ్చింది. 'ఒక బోల్టు విప్పితిమి. రెండవది విప్పుటకు తీవ్ర కృషి జరుగుచున్నది.' పనిలో యాభై శాతం ప్రగతి సాధించినందుకు సంస్థ ఆమెని రెండుసార్లు అభినందించింది. ఈ రెండేళ్లూ వానలు వెలిశాక పనసగుమ్మిలో ఇంటికొక మనిషి దిగి, కొట్టుకుపోయిన చోటల్లా మట్టి పోసి, మళ్లింపు దారిని సరిచేశారు.

కొత్త షాకబ్సర్ కరీముల్లా కొట్టులో లేదు. ఎవరైనా అవకాశం చూసి బిగించేస్తారని భయపడి కొండ మీదికి పంపించేశారు. అది ఇప్పుడు సోమన్న ఇంట్లో, నడిమి దూలానికి వేలాడుతోంది. ఒక చివర దూలానికి తాడు, రెండో చివరకి రుక్కి కూతురి ఉయ్యాల. పిల్ల ఊగుతూ నిద్రపోతుంది, ఒక్క కుదుపు లేకుండా.